ఆ రోజే మళ్లీ వస్తుందా?

కస్టమర్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో పుట్టినరోజుల రిపోర్టు తయారుచేసేవారు మొదట్లో తరచు చేసే పొరపాటు ఒకటుంది. పుట్టినతేదీ ఫీల్డుకు ‘ఈ నెల’ అని ఫిల్టరు పెడతారు. రిపోర్టు ఖాళీగా వస్తుంది. 1952 నవంబరు 3న పుట్టిన మనిషి 2024 నవంబరులో పుట్టలేదు కదా, యంత్రం చెప్పింది నిజమే. తేదీలోంచి సంవత్సరాన్ని తీసేసి, నెలనూ రోజునూ మాత్రమే పోల్చే ఫీల్డు వేరుగా పెడితే గాని పేర్లు బయటికి రావు. ఫిబ్రవరి 29న పుట్టినవారికి మామూలు సంవత్సరాల్లో 28న శుభాకాంక్షలు పంపాలా, మార్చి 1న పంపాలా అన్నదీ ముందే తేల్చిపెట్టుకోవాలి.

ఈ చిన్న సర్దుబాటు వెనక పెద్ద ప్రశ్నే ఉంది. గడిచిన రోజు తిరిగి రాదు. అయినా ఏటా ‘ఇవాళే ఆ రోజు’ అనుకుని ఒక ఇంట్లో పాయసం వండుతారు, ఇంకో ఇంట్లో పిండం పెడతారు. ఏ రకంగా అది ఆ రోజు?

న్యాయ వైశేషికుల లెక్కలో కాలం ఒక్కటే, దానికి ముక్కల్లేవు. రోజు, నెల అనేవి సూర్యగమనం వంటి ఉపాధులను బట్టి ఏర్పడిన విభాగాలు. యోగసూత్రాల మీద వ్యాసభాష్యం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది: క్షణమే వాస్తవం, పగలూ రాత్రీ బుద్ధి కూర్చుకున్నవి. ఎవరి లెక్క తీసుకున్నా, పాత రోజు ఎక్కడో దాగి ఉండి మళ్లీ బయటికి రావడమన్నది కుదరదు. మరి ‘అదే’ అన్న మాటకు అర్థమేమిటి? 17వ శతాబ్దిలో న్యాయ పండితుడు విశ్వనాథ పంచాననుడు భాషాపరిచ్ఛేదమన్న గ్రంథంలో, శబ్దం నిత్యమా కాదా అన్న చర్చ మధ్య, దీనికి దారి చూపాడు. ‘వాడూ అదే మందు వేసుకున్నాడు’ అంటే ఒకే మాత్రను ఇద్దరూ మింగారని ఎవరూ అనుకోరు. ఆ జాతి మందే అని అర్థం. తిరిగొచ్చే రోజు కూడా ఇలాంటి ‘అదే’. అలాగైతే ఏ గుర్తు కలిస్తే రెండు రోజులు ఒకే జాతివి అవుతాయన్నది మిగులుతుంది. దీనికి యంత్రం దగ్గర జవాబు లేదు. ఫిల్టరు పెట్టే మనిషి, తెలిసో తెలియకో, ఆ జవాబు రాసేస్తాడు.

పుట్టినరోజుకు పెట్టుకున్న గుర్తు సూర్యుడిది, తద్దినానికి చంద్రుడిది. చంద్రుడు సూర్యుడికి పన్నెండు డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. దాని నిడివి సుమారు 19 గంటల నుంచి 26 గంటల దాకా ఉంటుంది కాబట్టి గడియారపు రోజుతో అది పొసగదు. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే. ఆ లోటు పూడ్చడానికి అధికమాసాలు వస్తాయి. 2023లో శ్రావణం అలాగే రెండుసార్లు వచ్చింది. శ్రావణంలో పోయినవారి తద్దినం అలాంటి ఏడాది మామూలుగా నిజమాసంలో పెడతారు, రెండింటిలోనూ పెట్టేవారూ ఉన్నారు. నిర్ణయసింధువు (1612), ధర్మసింధువు (1790) అన్న ధర్మశాస్త్ర గ్రంథాలు ఇలాంటి చిక్కులు విప్పడానికే పుట్టాయి. ఒక రకంగా అవి రిపోర్టు నియమావళులే.

హైదరాబాదులో ఒక పెద్దాయన 2022 దీపావళి రాత్రి ఒంటిగంటకు కన్నుమూశాడనుకుందాం. ఇంట్లోవాళ్ల మాటల్లో అది దీపావళి రాత్రే. మరణ ధ్రువీకరణ పత్రంలో అక్టోబరు 25. ఆ తేదీని సమయంతో సహా నమోదు చేస్తే, అమెరికాలోని న్యూజెర్సీలో ఉన్న చిన్నకొడుకు తెర మీద అది అక్టోబరు 24 మధ్యాహ్నంగా కనిపిస్తుంది. తిథి మాత్రం ఎక్కడినుంచి చూసినా ఆశ్వయుజ అమావాస్యే. 2024లో ఆ అమావాస్య, భారత కాలమానంలో, అక్టోబరు 31 మధ్యాహ్నం 3.50 దాటాక మొదలై నవంబరు 1 సాయంత్రం 6 దాటేదాకా ఉంది. తద్దినానికి అపరాహ్ణం ముఖ్యం, అంటే పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది. హైదరాబాదులో 31నాటి అపరాహ్ణం అమావాస్య రాకముందే ముగిసింది. అందుకే దీపావళి 31న అయినా తద్దినం నవంబరు 1న. న్యూజెర్సీలో అమావాస్య 31 ఉదయమే మొదలై మర్నాడు పొద్దున్నే పోయింది. అక్కడి పంచాంగం పాటించే కొడుకు 31నే పెట్టాలి. హైదరాబాదులో ఉన్న అన్న ఒకరోజు, న్యూజెర్సీలో తమ్ముడు ఒకరోజు, ఇద్దరిదీ అదే తిథి. అక్టోబరు 25 అని పట్టుకున్న రిపోర్టు మాత్రం అన్నకు ఏడు రోజుల, తమ్ముడికి ఆరు రోజుల తేడాతో తప్పు చెబుతుంది.

పాతకాలం పురోహితుల నోటుపుస్తకంలో యజమాని గోత్రం, పోయినవారి పేరు, మాసం, పక్షం, తిథి ఉండేవి, తేదీ ఉండేది కాదు. దేవాలయాల్లో శాశ్వత పూజలకు, అన్నదానానికి డబ్బు కట్టినవారి పట్టికలకూ ఇదే అవసరం. దాత కోరింది తేదీయా తిథియా అన్నది అందులో విడిగా ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు జరిగిన ఘటన తేదీ, సమయం, ఊరు ఒకచోట చెరపకుండా ఉంచాలి. మాసం, పక్షం, తిథి వేరే ఫీల్డుల్లో రాయాలి. అధికమాసమైతే ఆ మాటా రాయాలి. కర్మ చేసేవారు ఉండే ఊరు ఇంకో ఫీల్డు. ఏటా ఉగాదికి కొత్త పంచాంగం చూసి ‘ఈ ఏటి తేదీ’ నింపి, ‘రాబోయే 30 రోజులు’ అన్న ఫిల్టరు దానికే పెట్టాలి, పాత తేదీకి పెట్టకూడదు. ఆ గడిని ఏటా మనిషే నింపాలి. 2025లో పై ఉదాహరణకు అందులో పడాల్సినవి హైదరాబాదుకు అక్టోబరు 21, న్యూజెర్సీకి అక్టోబరు 20.