ఎలుకకు పెట్టిన జ్ఞాపకం

బోధన్‌లో ఇంటి అరుగు మీద కూర్చుని ఒక పోస్ట్‌డాక్ ఉద్యోగానికి అప్లికేషన్ రాస్తున్నాను. ఫోటానిక్స్, న్యూరోసైన్స్ కలిసిన పని. కాంతితో నాడీకణాలను పలికించడం. "ఈ పరిశోధన మీకెందుకు?" అన్నదానికి ఒక పేజీ జవాబు రాయాలి.

చూపు పోయిన మా అమ్మమ్మ గురించి రాశాను. ఆమె చీకటిని చూసే కాంతిని చదువుకున్నానని. చదువుకుంటే నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. కానీ అది నిజం కాదు. ఎమ్మెస్సీలో ఆప్టిక్స్ తీసుకున్నది లేజర్ ల్యాబ్‌లో ఏసీ ఉంటుందని. అప్పటికి అమ్మమ్మకు చూపు బాగానే ఉంది.

2013లో ఎంఐటీలో సుసుము టొనెగావా బృందం ఒక ప్రయోగం చేసింది. ఎలుక ఒక పెట్టెలో తిరుగుతున్నప్పుడు చురుగ్గా ఉన్న మెదడు కణాల్లో, కాంతికి స్పందించే ప్రోటీన్ తయారయ్యేట్లు చేశారు. తర్వాత ఇంకో పెట్టెలో, కాంతితో ఆ కణాలనే మేల్కొలుపుతూ పాదాలకు షాక్ ఇచ్చారు. తిరిగి మొదటి పెట్టెలో వదిలితే, అక్కడ ఏ కీడూ జరగకపోయినా, ఎలుక భయంతో బిగుసుకుపోయింది. జరగనిది దానికి జ్ఞాపకమైంది.

నా పేజీ చేస్తున్నదీ అదే కదా! అమ్మమ్మ చీకటి నిజం, నా చదువు నిజం. రెంటినీ ఒకేసారి వెలిగించి, మధ్యలో లేని కారణాన్ని కడుతోంది. ఇంటర్వ్యూల్లో పదిసార్లు చెబితే నేనే నమ్ముతాను.

"అందరూ ఇట్లనే రాస్తరు, ఎవలకు నష్టం?" అన్నాడు దోస్తు. ఆలోచించాను. ఇక్కడి షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగిపోయింది. అది నడవగా చూడని పిల్లలు కూడా మొలాసిస్ వాసన గుర్తుందంటారు. పెద్దల మాటలు విని విని వాళ్ళకట్లా అయింది. అది అబద్ధం కాదు. నేను మాత్రం తెలిసి పెడుతున్నాను, ఉద్యోగం కోసం.

ఆ సాయంత్రం ఏం రాస్తున్నావని అమ్మమ్మ అడిగింది. 2021లో వచ్చిన వార్త చెప్పాను. రెటినైటిస్ పిగ్మెంటోసాతో చూపు పోయిన ఒకాయన, కంట్లో ఇలాంటి ప్రోటీన్, ముఖాన ప్రత్యేకమైన కళ్ళద్దాలతో, బల్ల మీది వస్తువులను గుర్తుపట్టి లెక్కపెట్టగలిగాడని.

"గట్లయితే నాగ్గూడ కనిపిస్తదా బిడ్డా?"

ఆ పద్ధతికి రెటీనాలోని గాంగ్లియాన్ కణాలు బతికుండాలి. అమ్మమ్మది నీటికాసులు, గ్లాకోమా. అది చంపేది ఆ కణాలనే.

"నీకు కాదమ్మమ్మా" అన్నాను.

కాసేపు ఊకుంది. "మరి నా ముచ్చటెందుకు రాసినవు అండ్ల?"

నష్టం ఎవరికో అప్పుడు తెలిసింది. ఆమెకు పనికిరాని వైద్యానికి ఆమె కళ్ళను సాక్ష్యంగా పెట్టాను.

పేజీ కొట్టేసి మళ్ళీ రాశాను. ఈ దారిలోకి యాదృచ్ఛికంగా వచ్చానని, గాంగ్లియాన్ కణాలు పోయినవాళ్ళకు కాంతితో చేయగలిగేది ఏమైనా ఉందా అన్నది ఇప్పుడు నన్ను వదలని ప్రశ్న అని. ఒక పనిలోకి రావడానికి కారణం ఒకటి, అందులో ఉండడానికి కారణం ఇంకొకటి. రెండోది ఆలస్యంగా దొరికినా సిగ్గుపడక్కర్లేదు. దాన్ని వెనక్కి జరిపి మొదటిది చేస్తేనే తప్పు.

కొత్త పేజీ అమ్మమ్మకు చదివి వినిపించాను. ఇందులో ఆమె పేరు లేదు. "ఇగ పంపు" అంది.