బాటసారి పొదుపు

మితవ్యయము సుగుణమని ఒప్పుకొననివారు లేరు. కాని ఒకరి పొదుపు వేరొకరి ఖర్చుగా మారినప్పుడు దానిని ఏ పేరుతో పిలువవలెనో ఆలోచించినవారు తక్కువ. గృహస్థుని విషయమున ఈ చిక్కు అంతగా కనబడదు; అతని పొదుపు అతని వంటింటిలోనే తేలిపోవును. బాటసారి సంగతి వేరు. ఇంటికప్పు వదలి వచ్చినవాడు గనుక అతని పొదుపును తరచుగా ఎవరో ఒకరి గుమ్మము భరింపవలసియుండును.

మెక్సికో దేశమును సైకిళ్లపై చుట్టివచ్చు దంపతులు నేడు పెక్కుమంది కలరు. అమెరికా, కెనడాలనుండియు ఐరోపానుండియు వచ్చువారు వారిలో ఎక్కువగా కనబడుదురు. ఉద్యోగమునకు సెలవు పెట్టియో, స్వస్తి చెప్పియో, కూడబెట్టిన సొమ్ము ఎన్ని నెలలకు వచ్చునో లెక్కవేసికొని బయలుదేరుదురు. గుడారము, చిన్న పొయ్యి, పంక్చరు సామగ్రి, రెండు గిన్నెలు: ఇంతే సంసారము. బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పము వారికి ప్రియమైన దారి. దానిని నిలువునా దాటుచు తిహువానానుండి కాబో సాన్ లూకాస్ వరకు పోవు సుమారు 1,700 కిలోమీటర్ల రహదారి 1973లో పూర్తియైనది. ఎల్ రొసారియో దాటినది మొదలు గెర్రెరో నెగ్రో చేరువరకు 300 కిలోమీటర్లకు పైగా ఎడారి. స్తంభములవంటి జెముడుచెట్లు, బండరాళ్లు, ఎండ. అక్కడక్కడ పశువులను పెంచుకొనువారి ఒంటరి ఇల్లు.

అట్టి ఇంటి ముందు సైకిళ్లు ఆగును. అడుగునది మంచినీరే కదా! మన దేశమున ఇంతకంటె చిన్న కోరిక లేదు. అయితే మెక్సికోలో సామాన్యముగా కుళాయినీరు త్రాగరు. గర్రఫోన్ అను 20 లీటర్ల పెద్ద సీసాలను పేదవారు సైతము కొనుక్కొందురు. ఎడారి ఇంటికి అది దూరమునుండి బండిపై రావలెను. ఎండలో తొక్కు ఇద్దరికి వంటతో కలిపి దినమునకు పది లీటర్లు సులభముగా పట్టును. అనగా సగము సీసా. ఇంటి ఇల్లాలు నవ్వుచు పోయును. డబ్బు చూపినచో చేయి అడ్డుపెట్టును. ఆ రాత్రి గుడారములో దంపతులు తమ చిట్టాలో, నేటి ఖర్చు ఏమియు లేదని వ్రాసికొందురు.

ఇందులో తప్పేమున్నదని అడుగవచ్చును. భిక్షువును గౌరవించిన దేశము మనది. నర్మదా పరిక్రమ చేయువారికి తీరగ్రామములవారు నేటికిని పిండియు పప్పును ఇచ్చుచునే యున్నారు. నిజమే. కాని భిక్షువునకు వెనుక బ్యాంకు ఖాతా లేదు. సైకిలు యాత్రికుని పేదరికము తాను ఎంచుకొన్నది, ఎప్పుడు విసిగిన అప్పుడు విడువదగినది. అమెరికా పౌరుడు వీసా లేకయే మెక్సికోలో గరిష్ఠముగా 180 దినములు ఉండవచ్చును. నీరు పోసిన ఇల్లాలు వీసా లేనిదే అతని దేశమున అడుగు పెట్టజాలదు. రాహుల్ సాంకృత్యాయన్ తన హిందీ గ్రంథము ‘ఘుమక్కడ శాస్త్ర’లో స్వావలంబనమునకు ఒక అధ్యాయమే కేటాయించుట ఊరక కాదు. దేశద్రిమ్మరి చేతిలో ఒక విద్య ఉండవలెనని, దానిచే తన తిండి తాను సంపాదించుకొనవలెనని ఆయన పట్టు.

దంపతులైనచో ఈ ప్రశ్న మరింత సున్నితమగును. ఒంటరివాడు తన్ను తాను మోసగించుకొనును, అంతే. ఇద్దరున్నచోట ఒకరికి మరియొకరు సాక్షి. “ఆమె పుచ్చుకొనలేదు గదా” అని ఒకరందురు. “పుచ్చుకొనలేని తీరున మనము ఇచ్చితిమి” అని రెండవవారందురు. దారిప్రక్క పూటకూటి ఇంటిలో బేరమాడక వెల యిచ్చి చిక్కుడుగింజల కూర, రొట్టె తినుటా, లేక గుడారములో గంజి కాచుకొనుటా అని తగవు వచ్చును. రోజుకు ఇంత అని వారిద్దరు ఇంటివద్ద కూర్చుండి ఒప్పుకొన్నారు. ఆ ఒప్పందములో మూడవ భాగస్వామియైన ఇల్లాలిని ఎవరును అడుగలేదు. ఈ తగవు పడని దంపతులకంటె పడినవారే మేలు.

మెక్సికోలోనే, దక్షిణమున వాహాకా ప్రాంతపు సపోతెక్ ప్రజలలో గెలగెత్సా అను ఆచారము కలదు. పెండ్లికి ఒకరు తెచ్చిన కోళ్లను, రొట్టెలను, మద్యమును పుస్తకములో వ్రాసియుంచి, వారింట శుభకార్యము వచ్చినప్పుడు అంతయు తిరిగి చెల్లింతురు. మన పెండ్లిండ్లలో చదివింపులు వ్రాసికొనుట ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. ఇచ్చుట అనగా అక్కడ అవమానము కాదు, దయయు కాదు; ఇరుగుపొరుగుగా బ్రదుకుట. అయితే అందులకు ఇరువురును ఒకచోట ఉండవలెను.

బాహాలో గాలి ఎక్కువగా వాయవ్యమునుండి వీచును. కావున యాత్రికులు సాధారణముగా ఉత్తరమునుండి దక్షిణమునకే పోవుదురు. ఎదురుగాలిలో మరల వెనుకకు వచ్చువారు అరుదు. లా పాస్‌లో ఓడనెక్కి ఆవలియొడ్డున మసత్లాన్‌లో దిగుదురు. అచ్చట తమవద్ద మిగిలిన ట్యూబునో, పంపునో మరియొక యాత్రికునకు ఇచ్చి, పొందిన ఋణము తీరినదని తృప్తిపడువారు కలరు. ఎడారిలోని ఇంటికి మాత్రము చేరినది ఏమియు లేదు. సగమైన సీసా సగముగానే యున్నది, నీటిబండి మరల వచ్చువరకు.