ఐదు వందల మాటల్లో దయ

‘మీరు నర్స్ ఎందుకు కావాలనుకుంటున్నారు? 500 పదాలకు మించకుండా రాయండి.’

అమెరికాలో వేరే డిగ్రీ ఉన్నవాళ్ళు రెండో డిగ్రీగా నర్సింగ్ చదవాలంటే ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురొస్తుంది. ఆర్నెల్లుగా నేను దీంతోనే కాపురం చేస్తున్నాను. పైకి చూస్తే ఇంతకన్నా సబబైన ప్రశ్న ఉండదు. మనుషుల ఒళ్ళు, ప్రాణం చేతికివ్వబోయే ముందు ‘ఎందుకొచ్చావయ్యా’ అని అడగడంలో తప్పేముంది? కానీ రాస్తూ, కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ ఉంటే, ఇది అడక్కూడని ప్రశ్నేమో అని నాకు అనుమానం మొదలైంది. అడక్కూడదంటే మర్యాద కాదని కాదు. ఆ జవాబుతో చెయ్యాలనుకున్న పని ఆ జవాబుతో జరగదని.

ఇంతకుముందు నన్ను ఏ సీటూ ఎందుకు అని అడగలేదు. 2006లో ఎంసెట్ రాశాను, ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌లో నా వంతు వచ్చేసరికి ఏం మిగిలుంటే అది తీసుకున్నాను. ఎంసెట్‌ని ఎన్నయినా తిట్టొచ్చు, నేనూ తిట్టాను. దానికో పెద్దమనిషి తరహా మాత్రం ఉంది: నీ మనసులో ఏముందో నాకనవసరం అంటుంది. ఇద్దరికి అన్ని మార్కులూ సమానంగా వస్తే చివరికి వయసులో పెద్దవాణ్ణి ముందు పెట్టేవాళ్ళు. అంటే మా అమ్మానాన్నల పెళ్ళి ఏ నెలలో జరిగిందన్నది కూడా ఒక్కోసారి ర్యాంకులో కలిసేది. సీటు రానివాడు తెలివితక్కువవాడనిపించుకున్నాడు, అది చాలా పెద్ద అన్యాయమే. కానీ మంచివాడు కాదని ఎవరూ అనలేదు.

ఈ చదువు సంగతి కాస్త చెప్పాలి. కాలేజీని బట్టి పన్నెండు నుంచి పద్ధెనిమిది నెలలు, ఊపిరాడనివ్వని కోర్సు. దానికి ముందే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, సైకాలజీ పూర్తి చేసుండాలి. చాలా కాలేజీలకి సైన్సు సబ్జెక్టులు ఐదేళ్ళో ఏడేళ్ళో దాటితే పాచిపోయినట్టే లెక్క. నేను ఎంపీసీ. పదో తరగతిలో జీవశాస్త్రానికి నమస్కారం పెట్టి వచ్చేసినవాణ్ణి. ఇప్పుడు పగలంతా కోడ్ రాసి, రాత్రిళ్ళు కమ్యూనిటీ కాలేజీలో ప్లాస్టిక్ అస్థిపంజరం పక్కన నిలబడి 206 ఎముకల పేర్లు వల్లె వేస్తున్నాను. (సీటొస్తే నా హెచ్1బీ వదిలేసి, మా ఆవిడ హెచ్1బీ మీద హెచ్4గా మారాలి. ‘ఇన్నాళ్ళకి నా మీద ఆధారపడతావన్నమాట’ అని తను సంబరపడుతోంది.)

సరే, ఎందుకు?

మూడేళ్ళ కిందట నాన్న బాత్రూంలో జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. నేను సెలవు పెట్టి వెళ్ళి పదిహేను రోజులు ఆ గదిలోనే ఉన్నాను. మన ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ సగం చుట్టాలదే కదా. అక్కడో నర్సమ్మాయి రెండు గంటలకోసారి వచ్చి నాన్నని పక్కకి తిప్పేది, వీపుకీ మడమలకీ బెడ్‌సోర్స్ రాకుండా. తిప్పిన టైము మంచం కాళ్ళ దగ్గర అంటించిన కాగితం మీద రాసేది. రెండో రోజు నాకూ నేర్పింది. కాళ్ళ మధ్య దిండు పెట్టండి, భుజం, నడుం రెండూ ఒకేసారి కదలాలి, లాగకండి సార్, దొర్లించండి. మొదటిసారి నాన్న కెవ్వుమన్నాడు. నాలుగోసారికి నిద్రలోనే తిరిగాడు, కళ్ళు తెరవలేదు.

ఆ నాలుగోసారి నాకు కలిగింది దయ అని చెప్పడానికి నోరు రావట్లేదు. అది పని కుదిరిన తృప్తి. నెలల తరబడి ఏడిపించిన బగ్ ఒక్క లైనుతో పోయినప్పుడు కలిగేదానికి దగ్గరగా ఉంది, కాకపోతే ఇక్కడ స్క్రీన్ బదులు ఒక మనిషి వీపు. ఇది మళ్ళీ చెయ్యాలనిపించింది. ఇంకొకళ్ళకి చెయ్యాలనిపించింది. ప్రేమ ముందుండి దాన్నుంచి పని పుడుతుందని ఆ ప్రశ్న అడిగేవాళ్ళు అనుకుంటారు. నాకు మాత్రం చేతికి పని పట్టుబడ్డాకే అవతలి మనిషి కనబడ్డం మొదలైంది, ఆ మనిషి నా కన్నతండ్రే అయినా.

వ్యాసం రాయడానికి కూర్చుంటే రెండు తయారయ్యాయి. ఒకదాంట్లో నాన్న ఉన్నాడు. రాత్రి రెండున్నర, ఆసుపత్రి కారిడార్, ఫ్యాన్ చప్పుడు, నాన్న చెయ్యి నా చేతిలో. చదివిన ఇద్దరు స్నేహితులకీ కళ్ళు చెమర్చాయి. రెండోది పొడిగా ఉంది: నాకు ఈ పని చేతనయ్యేలా ఉంది, చేస్తే తృప్తిగా ఉంది, జీతం గౌరవంగా ఉంటుంది, నేర్పితే నేర్చుకుంటాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మొదటిదాంట్లోనూ లేదు. అయినా మొదటిది పంపడానికి చెయ్యి రాలేదు. నాన్న నొప్పికి ఒక అప్లికేషన్ నంబరు వేస్తున్నట్టు ఉంది.

ఆయన్నే అడిగాను. ఫోన్లో నవ్వాడు. “రాసుకోరా, దాందేవుంది. నా తుంటి నీకు ఆ మాత్రం పనికొస్తే మంచిదేగా.” తర్వాత కాసేపాగి, “ఆ పిల్ల సంగతి రాశావా?” అన్నాడు. రాశానన్నాను, ఆమె దయ గురించి. “దయేంట్రా! దానికి నెలకి పన్నెండు వేలు. తమ్ముడి ఫీజు కట్టేది. ఎందుకు నర్సయ్యావమ్మా అని నేనడిగితే, సీటు దొరికింది తాతగారూ అంది.” ఆమె జీతం, ఊరు, తమ్ముడి కాలేజీ అన్నీ ఆయనకి తెలుసు. మంచం మీద పడుకుని పదిహేను రోజులూ ఇంటర్వ్యూ చేసింది ఆయనే.

ఇక్కడ కాంట్ చెప్పిన కొట్టువాడు గుర్తొస్తాడు. 1785 నాటి పుస్తకంలో వస్తాడు. ఏమీ తెలియని చిన్నపిల్లాడికి కూడా సరుకు సరైన ధరకే ఇస్తాడు, అలా అయితేనే వ్యాపారం నిలబడుతుంది కాబట్టి. అందులో నైతిక విలువ లేదంటాడు కాంట్. సరే, నిజమే అనుకుందాం. కానీ సరుకు తీసుకున్న పిల్లాడి వైపు నుంచి చూస్తే? వాడికి చిల్లర సరిగ్గానే వచ్చింది. నాన్న వీపు మీద పుండు పడలేదు. మంచం మీదున్నవాడికి తిప్పే చెయ్యి కావాలి, ఆ చేతి వెనక ఉద్దేశం వాడి సమస్య కాదు.

దీనికో గట్టి అభ్యంతరం ఉంది, నా భార్య లేవనెత్తింది. ఎవరూ చూడని రాత్రి మూడింటికి, ఆరుగురు రోగులున్నప్పుడు, తిప్పకుండానే కాగితం మీద టైము రాసేయకుండా ఆపేది ఏంటి? ఉద్దేశమే కదా? ఒప్పుకుంటాను. ఉద్దేశం అక్కడ పనికొస్తుంది. కానీ ఆ రాత్రి మూడింటికి నేనేం చేస్తానో ఇవాళ నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నాకెలా తెలుస్తుంది? మనం చేసిన పని వెనక అసలు కారణం ఏంటో మనకే ఎప్పటికీ ఖాయంగా తెలియదన్నది కూడా ఆ కాంటే. అంతటివాడు తేల్చలేనన్నదాన్ని 500 పదాల్లో తేల్చమంటున్నారు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ ఈ విషయంలో ఎక్కువ తెలివిగా ఉందనిపిస్తుంది. లండన్‌లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె నిధితో 1860లో మొదలైన బడిలో కూడా గుణగణాలు కొలిచారు, నెలనెలా, కాగితాల మీద గడులు గీసి మరీ. సమయానికి వస్తోందా, చప్పుడు చెయ్యకుండా ఉంటోందా, శుభ్రంగా ఉందా, నమ్మొచ్చా. చదివితే ఒళ్ళు మండుతుంది, అంత నిఘా. కానీ ఆ గడులు నింపింది వార్డులో పని చూసినవాళ్ళు. తలుపు లోపలికి రానిచ్చాక చూశారు. మనం తలుపు బయటే నిలబెట్టి, నీ గుణం గురించి నువ్వే చెప్పుకో అంటున్నాం. అలా అడిగితే వచ్చేది గుణం గురించిన సమాచారమా, రాయడం వచ్చినవాళ్ళ జాబితానా? నాకు రాయడం వచ్చు. పుస్తక సమీక్షలు రాసుకునేవాణ్ణి. నా పక్క బెంచీలో రోజూ పన్నెండు గంటలు వృద్ధాశ్రమంలో ఎయిడ్‌గా పనిచేసి వచ్చే హైతీ ఆవిడ ఉంది. మనుషుల్ని తిప్పడంలో నాకన్నా వెయ్యి రెట్లు మేలు. ఇంగ్లీషులో ఒక పేరా రాయాలంటే మాత్రం ఆవిడకి చెమటలు పడతాయి.

ఇక ఉద్దేశం నూటికి నూరుపాళ్ళు స్వచ్ఛంగా ఉంటే ఏమవుతుంది? అలాంటి అప్లికేషన్ ఒకటి చరిత్రలో ఉంది. సిమోన్ వెయ్ రెండో ప్రపంచయుద్ధంలో ఒక పథకం రాసింది. కొద్దిమంది నర్సుల్ని నేరుగా యుద్ధరంగంలోకి, తూటాల మధ్యకి పంపి, పడిపోయినవాళ్ళకి అక్కడికక్కడే ప్రథమ చికిత్స చేయించాలి. అందులో తనూ ఉండాలి. దానికోసం 1942లో న్యూయార్క్‌లో ఉన్నప్పుడు హార్లెంలో ఫస్ట్ ఎయిడ్ కోర్సు చేసింది. ఆ ఏడాది చివర లండన్ వెళ్ళి ఫ్రాన్స్ ప్రవాస ప్రభుత్వంలో తెలిసినవాళ్ళందరినీ బతిమాలింది. ఎదురుచూసింది. డిగాల్ ఆ పథకం విని ఆమెకి పిచ్చి అన్నాడని చెబుతారు. 1943 ఆగస్టులో, ముప్ఫై నాలుగేళ్ళకి, క్షయతో, ఫ్రాన్స్‌లో జనానికి దొరికినంతకన్నా ఎక్కువ తిననని మొండికేసి చనిపోయింది.

నేను ఆవిడ అభిమానిని. కానీ ఆ సీటు ఇవ్వకపోవడం సరైందే అనుకుంటాను. 1936లో స్పెయిన్ యుద్ధానికి వెళ్ళి, కళ్ళు సరిగ్గా కనబడక, మరుగుతున్న నూనె గిన్నెలో కాలు పెట్టిన మనిషి ఆవిడ. నాన్న మంచం పక్కన ఆ రాత్రి ఎవరుండాలి అంటే, పన్నెండు వేల జీతానికి సీటు దొరికి వచ్చిన అమ్మాయే ఉండాలి. సిమోన్ వెయ్ ఉద్దేశంలో నూరోవంతు కూడా నాకు లేదని తెలిసి ఈ మాట రాస్తున్నాను.

మరైతే ఎలా ఎంచుకోవాలి? కాలిఫోర్నియాలో కొన్ని కమ్యూనిటీ కాలేజీలు నర్సింగ్‌కి కనీస అర్హత ఉన్నవాళ్ళందరి పేర్లూ కలిపి లాటరీ తీస్తాయి. నెదర్లాండ్స్‌లో 1970ల నుంచి దశాబ్దాల పాటు మెడిసిన్ సీట్లు కూడా లాటరీ మీదే ఇచ్చారు. మార్కులు ఎక్కువున్నవాళ్ళకి చీటీ తగిలే అవకాశం ఎక్కువ, అంతే. 1996లో పదికి 9.6 సగటు ఉన్న అమ్మాయికి చీటీ తగలకపోతే దేశమంతా గొడవైంది. 2017లో లాటరీ తీసేశారు. 2023 నుంచి కావాలనుకున్న కాలేజీలు మళ్ళీ వాడుకోవచ్చన్నారు. మైకేల్ శాండెల్ 2020లో ప్రతిభ మీద రాసిన పుస్తకంలో హార్వర్డ్ లాంటి చోట్ల కూడా అర్హత లేనివాళ్ళని తీసేసి మిగిలినవాళ్ళకి లాటరీ వెయ్యమంటాడు. గెలిచినవాడికి పొగరు తగ్గుతుంది, ఓడినవాడికి సిగ్గు తగ్గుతుంది అని ఆయన వాదన సారం. ఎంసెట్ బిడ్డగా నా మొదటి స్పందన ఛీ అనే. ఇప్పుడు మనసు అటే లాగుతోంది. చీటీ తగలకపోతే, తగల్లేదు. నీలో దయ లేదని ఎవరూ అనలేదు.

అయితే లాటరీని మరీ మెచ్చుకోవడానికీ లేదు. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ కాలేజెస్ ఆఫ్ నర్సింగ్ లెక్క ప్రకారం 2021లో ఇక్కడి నర్సింగ్ కాలేజీలు అర్హత ఉన్న 91,938 దరఖాస్తుల్ని తిప్పి పంపాయి. దరఖాస్తులు, మనుషులు కాదు. ఒక్కొక్కరు నాలుగైదు పెడతారు. తిప్పి పంపడానికి వాళ్ళు చెప్పిన కారణాలు: పాఠం చెప్పేవాళ్ళు లేరు, క్లినికల్ శిక్షణకి ఆసుపత్రుల్లో చోటు లేదు, తరగతి గదులు లేవు, డబ్బు లేదు. ఆసుపత్రుల్లో నర్సులు చాలడం లేదని అరుస్తున్న సంవత్సరం అది. ఆ కారణాల్లో ఎక్కడా దరఖాస్తుదారు హృదయం లేదు. చీటీ అయినా, వ్యాసం అయినా, ఒక కొరతని పంచే పద్ధతులే. చీటీ కనీసం ఆ కొరత దురదృష్టంలా కనిపించేలా చేస్తుంది. వ్యాసం దాన్ని మన గుణం మీద తీర్పులా చదివిస్తుంది. నర్సింగ్ టీచర్ జీతం ఎందుకంత తక్కువో అడగాల్సినవాడు, రాత్రి పన్నెండింటికి తన పేరాల్లో కరుణ ఎక్కడ పలచబడిందో వెతుక్కుంటూ కూర్చుంటాడు.

ఇది తెలిశాక కూడా నేను వెతుక్కుంటూనే ఉన్నాను. మూడు చోట్ల పెట్టాను. నాన్న ఉన్న వ్యాసం ఒకచోటికి, పొడి వ్యాసం రెండు చోట్లకి. నాన్న ఉన్నది తిరిగొచ్చింది. పొడిది ఒకచోట వెయిట్‌లిస్టు, ఇంకోచోట ఇంకా ఉలుకూ పలుకూ లేదు. రెండు ఫలితాల మీద ఏ నిర్ధారణకీ రాకూడదని స్టాటిస్టిక్స్ క్లాసులో ఈ మధ్యే ఏ గ్రేడు తెచ్చుకున్నాను. అయినా స్నానం చేస్తున్నప్పుడు నిర్ధారణలు వస్తూనే ఉంటాయి.

వెయిట్‌లిస్టు అంటే ఏంటని నాన్న అడిగాడు. సీటొచ్చినవాళ్ళలో ఎవరైనా మానుకుంటే వరసలో వెనకున్నవాళ్ళకి ఇస్తారని చెప్పాను.

“అయితే ఎవరో ఒకళ్ళు మానుకుంటే బాగుండని చూస్తన్నావన్నమాట, మందికి సేవ చెయ్యడానికి,” అన్నాడు.

చూస్తున్నానన్నాను. జాబితాలో పేరు ఉంచమంటారా అని కాలేజీ వాళ్ళు అడిగిన ఈమెయిల్‌కి అప్పటికే అవునని జవాబిచ్చాను. శుక్రవారం ల్యాబ్ పరీక్ష. కపాల నాడులు పన్నెండూ వరసలో చెప్పాలి, తొమ్మిదో దగ్గర ఇంకా తడబడుతున్నాను.