మొక్కూ, మాత్రా

మొన్న మా మనవరాలు సైన్సు పుస్తకం పక్కన పడేసి, "నానమ్మా, దేవుడు నిజమా, సైన్సు నిజమా? ఒక్క ముక్కలో చెప్పు" అంది. అప్పుడే పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయి. ఇలాంటి ప్రశ్నలన్నీ పాలు పొంగే వేళకే ఎందుకొస్తాయో! "ముందు స్టవ్వు కట్టనీ తల్లీ" అని తప్పించుకున్నాను. కానీ ప్రశ్న నన్ను వదల్లేదు. 1984 వానాకాలంలో ఇదే ప్రశ్న మీద నాకూ, మా అత్తగారికీ మూడు రోజులు మాటల్లేవు మరి.

అప్పుడు మేం అమీర్‌పేటలో ఓ ఇరుకు సందులో అద్దెకుండేవాళ్ళం. మావాడికి ఆరేళ్ళు. ఒకనాటి సాయంత్రం చలి పుట్టి, రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. తరవాత ఒళ్ళు పెనంలా కాలింది. తెల్లారేసరికి చెమటలు పట్టి తగ్గిపోయింది. మర్నాడు శుభ్రంగా ఆడుకున్నాడు. ఎల్లుండికి మళ్ళీ అదే వరస. అత్తగారు దేవుడి గదిలోకి వెళ్ళి, పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టి వచ్చారు. "బల్కంపేట ఎల్లమ్మ తల్లికి మొక్కుకున్నానమ్మాయ్" అంటూ ఇంకేదో చెప్పబోయారు. నేను వినిపించుకుంటేగా! బీయస్సీ చదివానన్న గర్వం ఒకటి ఏడిచింది నా మొహాన. "ఎల్లమ్మ రక్తపరీక్ష కూడా చేస్తుందేమిటి అత్తయ్యా?" అనేశాను. ఆవిడ మొహం చిన్నబోయింది. మారు మాట్లాడలేదు.

పొద్దున్నే రిక్షా కట్టించుకుని పంజగుట్టలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వేలు పొడిచి, గాజు పలక మీద రక్తపు చుక్క రాసి, పరీక్ష చేయించి, "మలేరియా అమ్మా" అన్నారు. మాత్రలిచ్చారు. ఆ చేదు మాత్రల్ని బెల్లం ముక్కలో దాచి మింగించేసరికి నా తల ప్రాణం తోక కొచ్చేది. మూడో రోజుకి జ్వరం దిగింది. ఆ కాగితం పట్టుకుని, యుద్ధం గెలిచిన దానిలా అత్తగారి ముందు నిలబడ్డాను.

ఆవిడ కాగితం వంక చూడలేదు. "చలిజ్వరమేనా?" అని గోడకి చేరగిలబడ్డారు. అప్పుడు చెప్పారు. మామగారు భద్రాచలం వైపు మన్యంలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో వాళ్ళ తొలిచూలు పిల్లకి, నాలుగేళ్ళ పిల్లకి, అచ్చం ఇలాగే వచ్చిందిట. గోదావరి పొంగి ఉంది. డాక్టరేమో ఆవలి ఒడ్డున. ఈవలి ఒడ్డున ఉన్నది మొక్కొక్కటే.

"మొక్కాను. పిల్ల దక్కలేదు" అన్నారు. మావారికి ఓ అక్క ఉండేదన్న సంగతి పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి నాకు అప్పుడు తెలిసింది.

"మరి ఇంకా ఎందుకు మొక్కుతారత్తయ్యా?" అన్నాను మెల్లిగా.

"జ్వరం తగ్గించమని కాదే తల్లీ. దానికి డాక్టరున్నాడు. పొద్దున్నే డాక్టరుకి చూపించమని చెప్పబోతే నువ్వు విన్నావు కాదు. కానీ తెల్లారేదాకా పిల్లాడు వణుకుతుంటే నా చేతులు ఊరికే ఎలా ఉంటాయి?"

మూడు రోజులూ ఆవిడ మౌనం నా మీద కోపం అనుకున్నాను. కాదు, ఆ పిల్ల గుర్తొచ్చింది.

కొన్నాళ్ళ తరవాత ఒక సంగతి చదివి ఆశ్చర్యపోయాను. నా చేతిలోని ఆ కాగితం మీదున్న మలేరియా గుట్టు దొరికిన చోటు మా ఇంటికి దగ్గర్లోనే ఉంది! అమీర్‌పేట నుంచి మెట్రోలో ఇటు ఒక స్టేషను వెళితే పంజగుట్ట, అటు ఒక స్టేషను వెళితే బేగంపేట. ఆ బేగంపేటలో, పాత విమానాశ్రయం దగ్గర, రొనాల్డ్ రాస్ పరిశోధన చేసిన భవనం ఉంది. మలేరియా చిత్తడి నేలల చెడ్డగాలి వల్ల వస్తుందని పండితులు కూడా చాలాకాలం నమ్మారు. ఆ పేరుకి ఇటాలియన్ భాషలో అర్థమే చెడ్డగాలి. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తంలో ఆ సూక్ష్మజీవిని చూశాడు. అది ఒంట్లోకి ఎలా వస్తోందో మాత్రం తేలలేదు. రాస్ హుసేన్‌ఖాన్ అనే రోగిని, కుట్టిన దోమకి అణా చొప్పున ఇస్తానని ఒప్పించి, ఆ దోమల పొట్టలు కోసి చూశాడు. నుదుటి చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయట! చివరికి 1897 ఆగస్టు 20న ఒక దోమ పొట్టగోడలో తను వెతుకుతున్నది కనిపించింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనలాంటి వాళ్ళకి పనికొచ్చే ముక్క ఇంకోటుంది. ఆ గుట్టు తన చేతిలో పెట్టినందుకు దేవుడికి దణ్ణం పెడుతూ రాస్ పద్యం రాసుకున్నాడు. దేవుణ్ణి తలుచుకున్నాడు గానీ, దోమని కొయ్యటం మాత్రం మానలేదు. దోమ పొట్టలో ఏముందో దేవుణ్ణి అడగలేదు, కళ్ళు కాయలు కాసేలా తనే చూశాడు.

అందుచేత లోకంలో ఏముంది, ఏది దేనివల్ల వస్తోంది అన్నచోట నేను సైన్సు పక్షమే. అది తప్పులు చెయ్యదని కాదు. చెడ్డగాలి అన్నదీ చదువుకున్నవాళ్ళేగా! కానీ తప్పని తేలితే దిద్దుకుంటుంది. గోదావరి ఇవతలి ఒడ్డున మందు ఉండి ఉంటే ఆ పిల్ల బతికేదేమో. పక్కనే మందుండగా మొక్కు చాలని కూర్చునేవాళ్ళని చూస్తే ఇప్పటికీ నా కడుపు రగులుతుంది.

మరి "నా పిల్లకే ఎందుకొచ్చింది?" అంటే? ఆ గాజు పలక చెప్పదు. నిజం చెప్పొద్దూ, ఎల్లమ్మ తల్లి కూడా మా అత్తగారికి చెప్పలేదు. ఆవిడ బతికినన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నారు. కాకపోతే అడగటానికి ఆవిడకో చోటుంది. జవాబు దొరకని ప్రశ్నని గుండెలో పెట్టుకుని వంటా వార్పూ చేసుకుంటూ బతకాలంటే అలాంటి చోటొకటి కావాలి. ఆ చోటుని వెక్కిరించటానికి నా బీయస్సీని వాడుకున్నానే, అది సైన్సు తప్పు కాదు, నాది.

జ్వరం తగ్గిన వారానికి, ముడుపు చెల్లించటానికి అత్తగారితో పాటు నేనూ వెళ్ళాను. ఎల్లమ్మ తల్లి ఉండేది నేలకి దిగువన, బావిలో. ఆ బావి నీళ్ళే తీర్థం. అత్తగారు కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆవిడ ఏం అడిగారో నేను అడగలేదు.

గుడి బయట చెప్పులు తొడుక్కుంటూ ఆవిడే అన్నారు: "మాత్రలు ఇంకా రెండ్రోజులున్నాయిగా? జ్వరం తగ్గిందని మానిపించెయ్యకు."

మనవరాలికి ఒక్క ముక్కలో ఏం చెప్పను? రేపు పాలు కాచి దించాక, కూర్చోబెట్టి ఈ కథంతా చెప్తాను.