జీతం లేని వకాల్తా

సూరత్ దగ్గరి జోల్వాలో సాంచాల షెడ్డు వెనక నల్లతుమ్మ ఒకటుంది. వరంగల్ వైపు నుంచి వచ్చి ఇక్కడే మగ్గాల మీద జుట్టు నెరిసిన మామ, నైట్ డ్యూటీ దిగి ఆ నీడన చాయ్ తాగుతున్నాడు. కొమ్మ మీద చీమలు ముల్లు ముల్లూ తడుముకుంటూ పోతున్నాయి. అల్లుడు కాలేజీలో జంతుశాస్త్రం చదువుతున్నాడు.

"కెన్యాల, లైకిపియా దిక్కు, ఓ తుమ్మజాతి చెట్టుకు చీమలే కాపలా మామా. ముళ్ల మొదట్ల బుర్రల్లెక్క ఉబ్బి లోపల డొల్ల ఉంటది, అండ్ల వాటి కాపురం. ఆకుల కాడ ఊరే తీపినీళ్లు తిండి. ఏనుగు కొమ్మ పడితే తొండంలకు జొరబడి కరుస్తయి."

"కూలికి కాపలా. దీన్ని దోస్తానంటరా?"

"2008ల టాడ్ పామర్ అనే సైంటిస్టు వాళ్లు చెప్పిండ్రు. పదేండ్లు కంచె ఏసి ఏనుగుల్ని, జిరాఫీల్ని రానియ్యకుంటే చెట్టు బుర్రలు తగ్గించింది, తీపినీళ్లు తగ్గించింది."

"దొంగలు లేకుంటే వాచ్‌మెన్ జీతం కోత. మా సేఠూ గంతే."

"బాగుపడలే మామా. కాపలా చీమలు తగ్గినయి, వేరే చీమలు జేరినయి. అవి కాండం తొలిచే పురుగులను రానిస్తయి. కంచె లోపలి చెట్లే ఎక్కువ సచ్చినయి."

మామ నవ్వాడు. అల్లుడు అసలు సంగతికొచ్చాడు.

"ఇప్పుడు బయటి నుంచి పెద్దతల చీమ వచ్చింది. కాపలా చీమల్ని చంపి, వాటి గుడ్లు, పిల్లలు తింటది. ఏనుగును మాత్రం ఆపదు. అది చేరిన చోట ఏనుగులు ఐదు నుంచి ఏడింతలెక్కువ చెట్లు విరుస్తున్నయి."

"తప్పు ఎవలది మరి?"

"విరిచేది ఏనుగే గద."

"ఏనుగు ఎన్నటికైనా ఏనుగే. అడ్డం నిలిచిన పండ్లు పోయినయి, గంతే."

ఇక్కడితో ఆగితే చీమ మీద తీర్పు సులువే. కానీ అదే లైకిపియాలోని ఓల్ పెజెటా అభయారణ్యంలో డగ్లస్ కమారు బృందం చేసిన పరిశోధన 2024 జనవరిలో 'సైన్స్' పత్రికలో వచ్చాక లెక్క చిక్కుబడింది. చెట్లు విరిగి, పొంచి ఉండే చాటు పోవడంతో సింహాలకు జీబ్రాలు అందడం తగ్గింది: వేటలో జీబ్రాల వాటా 2003లో 67 శాతం, 2020లో 42. అడవిదున్నల వాటా సున్నా నుంచి 42కు పెరిగింది. సింహాల సంఖ్య తగ్గలేదు. అల్లుడు ఈ లెక్కా చెప్పాడు.

"సింహం కడుపు నిండుతున్నది, జీబ్రాకు ఊపిరాడింది. ఆ చీమ చెడ్డదని నువ్వెట్లంటవ్?"

"దున్న కొమ్ములకు ఎదురువోవాలె సింహం, అది మరిచినవ్. నేనైతే చెట్టు దిక్కు మాట్లాడుతున్న."

"చెట్టు నీకేమన్న జీతమిస్తున్నదా?"

"ఇయ్యదు మామా. గందుకే నా మాట ఇను."