తులాధారుడి త్రాసు

శ్రావణ శుక్రవారాలు దగ్గరపడుతున్నాయంటే డాలస్, న్యూజెర్సీల్లోని తెలుగు ఇళ్లలో చీరల బేరాలు జోరందుకుంటాయి. భర్త ఉద్యోగం వెంట వెళ్లిన ఆడపడుచులు కొందరు, వ్యాపారంలో ఓనమాలు తెలియకపోయినా, పుట్టింటి నుంచి నాలుగు చీరలు తెప్పించి వాట్సాప్‌లో అమ్మకానికి పెడుతున్నారు. సంతోషించాల్సిన సంగతే. అనుభవం లేకపోవడం ఏ శాస్త్రంలోనూ పాపం కాదు. తెలియనిది తెలిసినట్టు చెప్పడం మాత్రం పాపమే.

మహాభారతం శాంతిపర్వంలోని జాజలి మనకు తెలిసినవాడే. జడల్లో పక్షులు గూడు కట్టుకున్నా కదలనంత తపస్సు చేసి, తనంత ధర్మాత్ముడు లేడనుకున్నాడు. అశరీరవాణి అతణ్ని కాశీలో సరుకులమ్ముకునే తులాధారుడి దగ్గరికి పంపింది. ఆ వర్తకుడు చెప్పుకున్న గొప్ప ఏమిటి? పరుల చేతుల్లోంచి కొన్నదాన్ని మాయ లేకుండా తిరిగి అమ్ముతానన్నాడు. తన త్రాసు అందరికీ ఒకటేనన్నాడు. ఇవాళ మనం రీసెల్లింగ్ అంటున్న పనే అది. ఆయనకు అదే తపస్సయింది.

మరి చీరలమ్మే మన లైవ్ వీడియోల్లో వినబడుతున్నదేమిటి? మరమగ్గం మీద వచ్చిందాన్ని చేనేత అంటున్నారు. బట్ట మీద అచ్చేసిన పూలను పోచంపల్లి ఇక్కత్ అంటున్నారు. ఇక్కత్‌కు ముందు నూలుకే ముడులు కట్టి రంగులు వేస్తారు, ఆ తర్వాతే నేస్తారు. అందుకే చీర తిరగేసినా బొమ్మ అంతే స్పష్టంగా కనిపిస్తుంది. అచ్చు చీర వెనకవైపు సాధారణంగా వెలవెలబోతుంది. కెమెరా ముందుకు వచ్చే ముందు ఒక్కసారి తిరగేసి చూడలేమా తల్లీ? మనం ఆడిన ఆ ఒక్క మాట నేతన్న కూలికి గండి కొడుతుంది. పైగా ఆ చీరనే రేపు ఎవరో కలశం ముందు అమ్మవారికి పెడతారు. అమ్మవారికి చుట్టే వస్త్రానికి అబద్ధం అంటవచ్చా?

ఇంకో ప్రలోభం పార్సిల్ దగ్గర ఎదురవుతుంది. 800 డాలర్ల లోపు సరుకుకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి నిలిచిపోయింది. అమ్మకానికి తెప్పించే చీరల మీద ‘గిఫ్ట్’ అని రాయిస్తే నాలుగు డాలర్లు మిగులుతాయన్న ఆశ పుడుతుంది. ఆ ఆశను అక్కడే తుంచేయాలి. అలాగే, భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 వీసాతో ఉన్నవారు తమకు పని అనుమతి ఉందో లేదో మొదటి చీర అమ్మకముందే తేల్చుకోవాలి. ఉంటున్న దేశపు చట్టాన్ని మన్నించడమూ ధర్మమే.

కాబట్టి మూడు చీరలతోనే మొదలుపెట్టండి. చేత్తో ముట్టుకుని, నేసిన ఊరు కనుక్కుని, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మండి. కొనేవారు అడిగింది తెలియకపోతే ‘నాకు తెలియదండీ, నేసినవారిని అడిగి చెబుతాను’ అనండి. బేరం పోతే పోనివ్వండి. కొనే తల్లులారా, మీరూ అలా చెప్పగలిగినవారి దగ్గరే కొనండి.