పేరు పెట్టుటలోని ధర్మము

ఒక ప్రాణికి పేరు పెట్టి ఒక వర్గమున చేర్చుట కేవలము పండితుల పనియేనా, లేక అందులో ధర్మాధర్మ విచారమునకు చోటు కలదా? ఈ ప్రశ్న కొందరికి వింతగా తోచవచ్చును. కాని మనుష్యుల పేర్లను, ఊళ్లను, మాతృభాషలను రిజిస్టరు గడులలో నింపుచు ఉద్యోగకాలమంతయు గడపి పింఛను పుచ్చుకొన్న మావంటి గుమాస్తాలకు ఇది వింత కాదు. గడి చిన్నది, మనిషి పెద్దవాడు. అందు వ్రాసిన ఒక్క మాటయే మనిషి పోయిన తరువాత కూడ మిగులును. కనుక ఈ విషయమును కొంత విచారింపవలెనని మా కోరిక. మనుష్యులను గూర్చి ఆరంభించినచో అభిమానములు అడ్డు వచ్చును. అందుచేత మొదట మిక్కిలి అల్పమైన ఒక ప్రాణిని ఉదాహరణముగా గ్రహించుచున్నాము.

మన ఊరిగామునకు సముద్రము లేదు. మన పిల్లలెరిగిన ఇసుక సైనైడు దిబ్బలదే. అయినను లోకములోని పెక్కు సముద్రతీరములలో, మన తూర్పుతీరమున సైతము, అలలు ఒడ్డున చేర్చిన నాచును కదిపినచో అంగుళమునకు లోపలి పొడవు గల ప్రాణులు చివ్వున ఎగిరి గంతులు వేయును. వీనిని మనము ఇసుక మిడుతలందము. కాని ఇవి మిడుతలు కావు, అసలు కీటకములే కావు. రొయ్యలకును ఎండ్రకాయలకును దాయాదులు. వీపుపై డొప్ప లేదు. దేహము రెండు ప్రక్కల నుండి నొక్కినట్లుండును. ఏడు జతల కాళ్లు గలవు. తల్లి తన రొమ్ము క్రింది సంచిలో గ్రుడ్లను మోయును. పిల్లలు పెద్దల రూపముతోనే వెలువడును. పగలు ఇసుకలో దాగి, రాత్రి వెలికి వచ్చి, క్రుళ్లిన నాచును తిని తీరమును శుభ్రపరచును.

ఇట్టి ప్రాణికి పేరు కుదురుటకు ఎంత కాలము పట్టెనో చూడుడు. 1758లో లిన్నేయసు పండితుడు ఈ కోవలోని ఒక జలచరమునకు లాటిను భాషలో మిడుత యను అర్థము గల 'లోకస్టా' యను పేరు పెట్టెను. 1808లో జార్జి మాంటేగు ఇంగ్లండులోని డెవన్ తీరమున దొరికిన ఇసుక మిడుతను వర్ణించి 'సాల్టేటర్', అనగా నర్తకుడు, అని పేరిడెను. ఆ పిమ్మట కూడ పందొమ్మిదవ శతాబ్దపు గ్రంథములలో నర్తకుని మిడుత పేరుతోనే పిలిచినవారు కలరు. నేడు మిడుత పేరు నీటిలోని ప్రాణికిని, నర్తకుని పేరు ఇసుకలోని ప్రాణికిని స్థిరపడినవి. రెండవ దానిని టాలిట్రస్ సాల్టేటర్ అందురు.

ఈ నిర్ణయము దేనినిబట్టి జరుగును? గంతు చూచి కాదు, దొరికిన చోటు చూచియు కాదు. మొదటి జత మీసములు రెండవ జతకంటె పొట్టివియా, దవడకు చిన్న స్పర్శాంగము కలదా లేదా, మగదాని రెండవ కాలు పట్టుకారువలె పెరిగినదా లేదా యని సూక్ష్మదర్శిని క్రింద ఒక్కొక్క అవయవమును పరీక్షింతురు. ఆర్కెస్టియా యను దగ్గరి చుట్టములో మగదానికి ఆ పట్టుకారు పెద్దది. టాలిట్రసునకు అట్టిది లేదు. ఆడవానిలోను పిల్లలలోను ఈ గుర్తులు స్పష్టముగా నుండవు. అప్పుడు నిజమైన పండితుడు తొందరపడి ఏదో ఒక పేరు వ్రాయడు. జాతి నిర్ణయింపబడలేదని వ్రాసి ఊరకుండును. పేరు పెట్టినచో, ఏ దేహమును చూచి పెట్టెనో ఆ దేహమును మ్యూజియమున భద్రపరచును. రేపు మరియొకడు వచ్చి తప్పు పట్టుటకు వీలుండవలెను గదా! మద్రాసు తీరపు ఈ కోవ ప్రాణులను గూర్చి కె. నాగప్పన్ నాయరు 1959లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియము ప్రచురణగా వెలువరించిన గ్రంథము ఇట్టి ఓర్పుతో కూడిన శ్రమకు నిదర్శనము. ఇందులోని న్యాయము మన ఊరివారికి తెలియనిది కాదు. పచ్చగా మెరయు గంధకపు రాతిని చూచి బంగారమని మోసపోని ఊరు మనది. నమూనాను పరీక్షింపక మాట చెప్పని అస్సే ఆఫీసు మనము చూచినదే.

ఇక ఈ వంశమునకు చెందిన రెండు కథలు వినదగినవి. ఈ వంశములో సముద్రమును విడిచి అడవులలో రాలిన ఆకుల క్రింద బ్రతుకు జాతులును కలవు. ఇంగ్లండునకు చేరువనున్న సిల్లీ దీవులలో దొరికిన అట్టి ఒక దానికి 1925లో, ఆ దీవిలోని డోరియెన్ స్మిత్ కుటుంబము పేర 'డోరియేని' యని నామకరణము చేసిరి. అది నిజమునకు ఆస్ట్రేలియా తూర్పు ప్రాంతపుది; మొక్కలతో పాటు ఓడలో వచ్చి అచట కాపురము పెట్టినది. పేరు వలసవచ్చిన చోటిది, వంశము పుట్టిన చోటిది, రెండును నిజములే.

రెండవ కథ ఇటలీది. 1950 దశకమున లేయో పార్డి, ఫ్లోరియానో పాపి యను శాస్త్రజ్ఞులు, ఇసుక మిడుత సూర్యుని గురుతుగా గొని తన తీరమున సముద్రమున్న దిక్కునకు పరుగిడునని నిరూపించిరి. పడమటి తీరపు వానిని తూర్పు తీరమునకు తెచ్చి విడువగా, అవి నీరున్న తూర్పునకు పోక, పాత అలవాటు చొప్పున పడమటికే పరుగిడెను. ఎదుట సముద్రముండగా దానికి వెన్ను చూపెను!

మన సంగతికి వత్తము. కోలారు సీమలో తెలుగు గనులకంటె ప్రాచీనము. 1880లో జాన్ టెయిలర్ కంపెనీవారు పని చేపట్టిన పిమ్మట చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతముల నుండి మరెన్నో కుటుంబములు వచ్చి చేరెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. నేడు మన యువకులనేకులు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోయి రాత్రికి మరలుచున్నారు. వారికి బడిలో కన్నడము, ఇంగ్లీషు, వీధిలో తమిళము, ఇంటిలో ఈ మూడును కలిసిన తెలుగు. వారిని చూచి కొందరు పెద్దలు "వీరిక తెలుగువారు కారు" అందురు. మరికొందరు "ఈ పేరుతో పనియేమి? బ్రతుకుతెరువు చూచుకొనుడు" అందురు.

ఈ రెండును తొందరపాటు తీర్పులని మా అభిప్రాయము. ఎదుగుచున్న పిల్లలలో గుర్తులు స్పష్టముగా నుండవని సూక్ష్మదర్శిని క్రింద చూచితిమి. పదునారేండ్ల బాలుని మాటలో రెండు తమిళ పదములు దొరలగానే వర్గము నుండి తీసివేయుట పండిత లక్షణము కాదు. పేరుతో పని లేదనుటయు సరికాదు. వంశమును గుర్తించు విద్యయే లేకున్నచో సిల్లీ దీవి ప్రాణికి ఆస్ట్రేలియాలో చుట్టములున్నారని ఎవరెరుగుదురు? కాని వంశమును నిలుపుకొనుట యనగా పాత దిక్కునకే పరుగిడుట కాదు. మనము నిలిచిన ఒడ్డున నీరెటున్నదో చూచుకొనవలెను. కన్నడము చక్కగా నేర్చుట, ఇరుగుపొరుగు తమిళులతో ఆత్మీయతతో మెలగుట తెలుగునకు ద్రోహము కాదు.

మనిషి ఇసుక మిడుత కాడనియు మరువరాదు. దాని దేహములోనే దాని జాతి యున్నది. మనిషి తన వర్గమునకు మరియొకటి చేర్చుకొనగలడు. పూర్వము కోలారు జిల్లాలోనిదై, 2007 నుండి చిక్కబళ్ళాపురము జిల్లాకు చేరిన కైవారములో యోగి నారేయణ తాతయ్య తెలుగునను కన్నడమునను రచించెను. ఆయనను ఏ గడిలో వ్రాయుదుము? ఏ భాషవారు తమవాడన్నను అసత్యము కాదు.

కనుక పేరు పెట్టువాడు పూర్తిగా చూచి పెట్టవలెను, తెలియనిచోట తెలియదనవలెను, పెట్టిన పేరును పునర్విచారణకు తెరచి యుంచవలెను, వర్గమునుబట్టి విలువను కట్టరాదు. జనాభా లెక్కల పత్రము సైతము మాతృభాషకు ఒక గడిని, తెలిసిన ఇతర భాషలకు మరి రెండు గడులను ఇచ్చినది. మొదటి గడిలో తెలుగు అని నిస్సంకోచముగా వ్రాయింతము. తక్కిన రెండింటిని ఖాళీగా విడువక, కన్నడమును తమిళమును అంతే గౌరవముతో వ్రాయింతము. మన పిల్లలు ఆ మూడు గడులకును తగినవారగునట్లు చూచుట ఇంటిపెద్దలమైన మన కర్తవ్యము.